మూత కింద బాకా

కళాయి మీద మూత పడింది. అన్నం దమ్ పట్టేదాకా ఇక దాన్ని ఎవరూ కదపకూడదు, వండినవాడైనా సరే, వండినవాడికి పిల్లనిచ్చిన మామైనా సరే. మర్గిలాన్ ఊళ్ళో ప్రతి విషయానికీ రెండు పక్షాలున్నాయి, ఈ ఒక్కదానికి లేవు. మూత పెట్టిన దగ్గర్నుంచి తీసేదాకా ఫుట్‌బాల్ ఆటలో ఒక సగం నడిచేంత సేపు పడుతుంది. ఆ సేపంతా వండినవాడు పొయ్యి వదలకూడదు కాబట్టి హష్మత్ పొట్టి పీట మీద, పొట్ట మోకాళ్ళకి ఆనేలా కూర్చుని, మూత అంచునుంచి సన్నగా జారిపోతున్న ఆవిరిని చూస్తూ, దీనికున్నపాటి స్వేచ్ఛ నాకు లేకపోయిందే అనుకున్నాడు. దానికి జీలకర్ర వాసనతో సహా బయటపడే సందు దొరికింది. తన కడుపులో పొద్దుటినుంచి ఉడుకుతున్నదానికి ఉన్న సందల్లా నోరే, ఆ నోటికి కొడుకు తాళం వేశాడు. ఎవరి నోటికి? పెళ్ళి ఊరేగింపుల్లో మనిషికన్నా పొడుగైన ఇత్తడి బాకా ఊదే హష్మత్ నోటికి, ఇపక్ జట్టు గోల్ కొట్టిన ప్రతిసారీ స్టేడియం తూర్పు మెట్ల మీద నిలబడి అదే బాకాతో ఎక్కడో ఉన్న మసీదు గుమ్మటం మీది పావురాలని లేపేసే హష్మత్ నోటికి. ఊరందరి డబ్బా కొట్టడమే వృత్తిగా బతికినవాడికి సొంత డబ్బా కొట్టుకోవలసిన రోజు ఇన్నాళ్ళకి ఒక్కటంటే ఒక్కటి వచ్చింది, ఆ రోజునే డబ్బాకి మూత.

పొద్దున్న పసుపుపచ్చ క్యారెట్లు పుల్లల్లా తరుగుతుంటే ఫోన్ మోగింది. కొడుకు నొదిర్, ఇపక్‌లోనే ఆడేవాడు, తాష్కెంట్ నుంచి. "నాన్నా, కూర్చున్నావా" అన్నాడు. నిలబడే ఉన్నాడు, కూర్చున్నానన్నాడు. "ఇక్కడి క్లబ్ వాళ్ళు చూడ్డానికొచ్చింది ఎల్మురాద్‌ని. అడిగింది నన్ను." ఆ తర్వాత కాసేపు కత్తి ఎక్కడ పెట్టాడో హష్మత్‌కి తెలియలేదు, క్యారెట్ల గుట్టలో పాతేశాడు, వెతుక్కున్నాడు, వేలు తెగనందుకు అల్లాకి దండం పెట్టుకున్నాడు. వేసవి బదిలీల గడువు ఈ సాయంత్రంతో సరి. సంతకం అయ్యేదాకా ఒక్కరికి కూడా చెప్పొద్దు. "నువ్వు చెవిలో చెప్పినా కోకంద్‌లో వినపడుతుంది నాన్నా, నిన్ను బతిమాలుకుంటాను" అన్నాడు. ఎల్మురాద్‌కి తెలుసా అని అడిగాడు హష్మత్. "నిన్న చెప్పాను. ఏడ్చాడు." ఎల్మురాద్ ఏడ్చాడు. ఫెర్గానా లోయ మొత్తం ఎవడి పేరు చొక్కా వీపు మీద రాయించుకుని తిరుగుతుందో వాడు ఏడ్చాడు, ఎందుకేడ్చాడో ఈ భూమ్మీద నలుగురికే తెలుసు, ఆ నలుగురిలో ఒకడు ఇప్పుడు ఇక్కడ నిప్పు ముందు కూర్చున్నాడు. నాలుగోది ఓయ్దిన్, ఇంటావిడ. విన్న వెంటనే ఇసిరిక్ ఆకు నిప్పుల మీద వేసి ఆ పొగ ఫోన్ చుట్టూ మూడుసార్లు తిప్పింది, ఫోన్‌కి దిష్టి తగలకుండా. తర్వాత ఆ పొగే మొగుడి నోటి దగ్గర పట్టింది, దగ్గొచ్చేదాకా. "నీ నోటికే ముందు తియ్యాలి" అంది.

తాళం అక్కర్లేదా అంటే కావాలి, ఆ సంగతి హష్మత్‌కన్నా బాగా ఎరిగినవాడు ఎవడు? పోయిన వేసవిలో గోల్‌కీపర్ బేరం ఇలాగే చివరిదాకా వచ్చి ఎవరి నోటినుంచో జారింది, తెల్లారేసరికి సగం ఊరు క్లబ్ గేటు ముందు రొట్టెలూ టీ కెటిళ్ళూ తెచ్చుకుని కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయిన యజమాని కాగితం చింపేశాడు. ఆ రోజు గేటు ముందు బాకా ఎవరు ఊదారో చెప్పనక్కర్లేదు. గోల్‌కీపర్ ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడు, బజార్లో ఎదురైతే గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చెబుతాడు, కాకపోతే ఆ చెయ్యి కొంచెం గట్టిగా నొక్కుతాడు. మర్గిలాన్ ప్రేమ అలాంటిది, కావలించుకుంటే ఊపిరాడదు. సరే, గోల్‌కీపర్ కోసం కూర్చున్నారు. ఎల్మురాద్ కోసమైతే పడుకుంటారు. నొదిర్ కోసం? ఆ ప్రశ్న పొద్దుటినుంచి ఉల్లిపాయ ఘాటులా కళ్ళ చుట్టూ తిరుగుతోంది. నొదిర్ పోతున్నాడని తెలిస్తే కూర్చునేవాడు ఒక్కడైనా ఉన్నాడా, లేక పోనీలే, పోయేదారిలో తలుపు దగ్గరగా వేసిపొమ్మంటారా?

కాలవ మీద వేసిన చెక్క మంచె మీద ఎనిమిదిమంది, ఎనిమిదిమందీ హష్మత్‌తో ఒకే తరగతి, ఒకే వాస్కా మేస్టారి చేతి దెబ్బలు తిన్నవాళ్ళు. నెలకోసారి ఒకరి వంతున వండిపెట్టుకుని కబుర్లాడుకునే ఈ కూటమికి ఇక్కడ పేరు గప్, పేరులోనే గప్ గానీ చుప్ ఎప్పుడూ లేదు, గప్పాలకి మాత్రం లోటు లేదు. ఈ నెల వంట హష్మత్‌ది, మాట అందరిదీ, ఉన్నది ఒకటే మాట. తాష్కెంట్ వాళ్ళు చూసిపోయారట, ఎల్మురాద్ ఉంటాడా, పోతాడా?

"పోతే ఇపక్ లేదురా" అంటున్నాడు సాబిత్, టోపీలు కుట్టి అమ్మేవాడు, ఊరికంతా టోపీ పెట్టి నిజాయితీగా బతికే ఒకే ఒక మనిషి. "మన గోల్స్‌లో మూడొంతులు వాడివే. వాడు పోతే జట్టు గట్టెక్కదు, గట్టు మీద కూర్చుంటుంది."

"అమ్మెయ్యాలంటాను నేను" అన్నాడు ఇనోయత్, బస్సు నడిపేవాడు. "ఒంటిస్తంభం మేడలో ఎన్నాళ్ళు కాపురం చేస్తాం? వాడికి జలుబు చేస్తే ఊరంతా తుమ్ముతోంది. వాణ్ణొక్కణ్ణి ఇచ్చి ముగ్గుర్ని తెచ్చుకుందాం."

"నీ బస్సు టైర్లనుకున్నావట్రా, ఒకటి పోతే మూడు తేవడానికి?" అన్నాడు సాబిత్.

అందరూ నవ్వారు. ఇనోయత్ కూడా ఏదో అనబోయాడు, అప్పటికి నవ్వు వెళ్ళిపోయింది, వాడి హాస్యం వాడి బస్సులాంటిదే, వస్తుంది, జనం నడిచి వెళ్ళిపోయాక వస్తుంది. హష్మత్ అయితే ఈపాటికి ఆటగాళ్ళ బేరమంటే కాళ్ళ బేరమేగా అని మొదలుపెట్టి, ఒకే చుక్కని చూసి పడవ నడిపేవాడికి చుక్కాని ఎందుకు గుర్తుంటుందని సాగదీసి, మంచె కింద కాలవలో చేపల్ని కూడా నవ్వించేవాడు. నాలుక కొసమీదికి వచ్చింది. కొరికి పట్టుకున్నాడు. తన సంగతి తనకి తెలుసు, మాటలు గొర్రెల్లాంటివి, ఒకటి దాటితే మంద మొత్తం దాటుతుంది, ఆ మందలో ఎక్కడో మెళ్ళో గంట కట్టుకుని నొదిర్ ఉన్నాడు. కాబట్టి నిప్పుకేసి చూశాడు. నిప్పు చాలా మంచిది, ఏమీ అడగదు.

ఎల్మురాద్, నొదిర్, ఒకే గోడకి అవతలా ఇవతలా పెరిగిన పిల్లలు. ఎల్మురాద్ ఆకలి ముందు పుట్టి తర్వాత వాడు పుట్టాడు, వీధిలో ఎవరింట్లో పొయ్యి వెలిగినా వాడి ముక్కుకి తెలిసేది, ఓయ్దిన్ వాడికీ ఒక గిన్నె పెట్టేది. నొదిర్ తన గిన్నెలోది కూడా వాడివైపు జరిపేవాడు. అప్పుడు హష్మత్ దాన్ని మెతకతనం అనుకున్నాడు. పట్టుపురుగుల కాలం వస్తే ఇల్లంతా పురుగులకి ఒప్పజెప్పి మనుషులు పెరట్లోకి పోయేవాళ్ళు, లోపల వెయ్యి నోళ్ళు మల్బరీ ఆకు కొరుకుతుంటే పెంకుల మీద వాన పడుతున్నట్టుండేది. పెద్దవాళ్ళు ఆకు గుప్పిళ్ళతో కుమ్మరించేవాళ్ళు. నొదిర్ ఒక్కొక్క ఆకూ పెట్టేవాడు, పురుగు నోరు ఉన్నచోట కాదు, అది తింటూ తింటూ తల తిప్పి రాబోయే చోట. ఇంత నెమ్మదిగా పెడితే ఎప్పటికవుతుందిరా అని అరిచేవాడు తను. ఆ ఏడాది మా ఇంటి పట్టుగూళ్ళు ఊళ్ళోకెల్లా బరువు తూగాయి కదా, అప్పుడైనా తట్టలేదు, ఎలా తడుతుంది, బుర్రనిండా బాకా. ఇన్నేళ్ళ తర్వాత తూర్పు మెట్ల మీద కూర్చుని చూస్తే అదే. నొదిర్ బంతిని ఎల్మురాద్ ఉన్నచోటికి పంపడు, ఎదుటి జట్టులోని ఇద్దరు బరువైన మనుషుల మధ్య గడ్డి మీద ఖాళీగా ఉన్న ఒక చోట పెడతాడు, ఎల్మురాద్ అక్కడికి వచ్చి, ఇది నాకోసమే ఉందే అన్నట్టు ఎత్తి లోపల వేస్తాడు, ఊరు లేస్తుంది, బాకా లేస్తుంది. గోల్‌కి ఊదే రాగం ఉంది. అంతకు ముందుదానికి రాగం లేదు, అది జరిగిందని తెలిసేసరికి గోల్ అయిపోయి ఉంటుంది, ఇక దేనికని ఊదాలి?

కానీ ఒకడు చూశాడు. పోయిన నెలలో తనకి రెండు మెట్ల కింద బక్కపల్చటి మనిషి ఒకడు పొద్దుతిరుగుడు గింజలు నమిలి పొట్టు ఊస్తూ కూర్చున్నాడు, ఊరివాడు కాదు, ఊరివాడైతే పొట్టు ముందువాడి మెడలో ఊస్తాడు, ఇతను కాగితంలో ఊశాడు. ఎల్మురాద్ గోల్ కొట్టినప్పుడు స్టేడియం మొత్తం కుడివైపు తిరిగింది, ఆ ఒక్క మొహం ఎడమవైపు ఉంది, బంతి వచ్చిన దారిని వెనక్కి నడుచుకుంటూ పోతున్నట్టు. తను బాకా ఊదుతూ బుగ్గల మీదుగా ఆ మొహం చూశాడు, వీడికి మెడ నొప్పి కాబోలు అనుకున్నాడు. మెడ నొప్పి కాదురా హష్మత్, వాడు తాష్కెంట్ వాళ్ళు పంపిన మనిషి, మొత్తం స్టేడియంలో మెడ తిన్నగా ఉన్నది వాడికొక్కడికే.

"హష్మత్" అని పిలిచాడు సాబిత్, ఆ పిలుపులో దారం సూదిలోకి ఎక్కిన చప్పుడు వినబడింది, అంటే అస్కియా మొదలు. ఇద్దరు ఒక వస్తువు మీద మాటకి మాట విసురుకోవాలి, మూడు మాటలకి బదులు లేకపోతే ఓటమి, ఓడినవాడి టోపీ గెలిచినవాడి తల మీదికి పోతుంది. మర్గిలాన్‌లో నడక రాని పిల్లాడికి కూడా తెలుసు ఇది. ముప్ఫై ఏళ్ళుగా సాబిత్ కుట్టిన టోపీలు ఎందరో కొన్నారు, సాబిత్ కొనలేకపోయింది హష్మత్ తల మీదిది ఒక్కటే.

"వస్తువు బంతి" అన్నాడు సాబిత్. "మీ ఇంట్లో ఒక వింత ఉందిరా. గోల తండ్రిది. గోల్ మాత్రం పక్కింటివాడిది."

మంచె ఊగింది. ఎనిమిది మొహాలు పొయ్యివైపు తిరిగాయి, నోళ్ళు సగం తెరిచి, రెండో నవ్వుకి చోటు ఉంచుకుని. హష్మత్ పుల్ల తీసి నిప్పు కెలికాడు. కెలక్కూడదు, దమ్ పడుతున్నప్పుడు కెలికితే అడుగు మాడుతుంది, ఊరందరికీ తెలుసు, అందుకే అందరూ కంగారుగా చూశారు. ఏమనాలో తెలియక కాదు. పక్కింటివాడి గోల్‌కి మా ఇంటి గుమ్మంలోంచే దారిరా అని గొంతు దాకా వచ్చింది, దాన్ని మింగితే వేడి పలావు మింగినట్టే దిగింది.

"వినపడలేదేమో. రెండోది గట్టిగా అంటాను. నీ కొడుకు బళ్ళోనూ పాసే, మైదానంలోనూ పాసే. మరి ఫస్టు వచ్చేదెప్పుడురా?"

పాసు లేకుండా తాష్కెంట్ గేటు దాటినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. అదీ బదులు. అంత చక్కటి బదులు ఏడాదికి ఒకటి తగులుతుంది, గుండ్రంగా, నున్నగా, కాలికింద బంతిలా. తాష్కెంట్ అన్న మాట లేకపోతే అది బతకదు, ఉంటే నొదిర్ బేరం బతకదు. హష్మత్ పెదవులు కలిసి ఉన్నాయి, లోపల పళ్ళు కూడా కలిసి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు, కోకంద్ నుంచి, అండిజాన్ నుంచి వచ్చిన నోళ్ళని ఈ మంచె మీదే మూయించాడు, నమంగాన్ నుంచి ఒకడు వచ్చి ఓడి, వెళ్ళేటప్పుడు బస్సు ఎక్కడం మర్చిపోయి నడిచి వెళ్ళాడంటారు. ఆ పేరంతా ఇప్పుడు మూత అంచునుంచి సన్నగా జారిపోతోంది. పోనీ. పేరు నాది, కాళ్ళు వాడివి, పేరు మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఇలా అనుకున్నాడు గానీ కడుపులో కోపం కాదు, అదేదో వేరే, ఇంతవరకు తనకి పేరు తెలియనిది, నోరున్నవాడు నోరు మూసుకుంటే లోపల ఇంత చోటుంటుందా, ఆ చోటంతా నొదిరే నిలబడి ఉన్నాడా?

"మూడోది" అన్నాడు సాబిత్, గొంతు కాస్త తగ్గించి, ఎందుకంటే మూడో మాటకి బదులు రాకపోవడం అన్నది ఎవరూ చూడలేదు, ఇప్పుడు చూడాలని అతనికి కూడా లేదు. "పోనీలేరా, పెళ్ళన్నాక బంతిలో వడ్డించేవాడూ ఉండాలి. తినేది ఎల్మురాద్. తేన్చేది మనం. గిన్నెలు ఎత్తేది నొదిర్."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ముక్కలొస్తాయి. ఇన్నాళ్ళూ ఈ లీగులో కడబంతిలో కూర్చున్న ఊరు మనది, మనకి ముక్కలెలా వచ్చాయిరా సాబిత్, ఎప్పుడైనా గరిటె పట్టిన చేతికేసి చూశావా? అనలేదు. కాలవ పారింది. సాబిత్ మంచె దిగి వచ్చాడు, హష్మత్ తల మీది నల్ల టోపీ తీసి తన టోపీ మీద పెట్టుకున్నాడు, గెలిచినవాడిలా లేడు, చావు కబురు తెచ్చినవాడిలా ఉన్నాడు. ఇనోయత్ వచ్చి హష్మత్ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"జ్వరం లేదు" అని మిగతావాళ్ళకి చెప్పాడు. "పన్నేమోరా. పన్ను నొప్పిగా ఉందా?"

తల ఊపాడు. పన్నే. పాలపన్ను. నొదిర్‌ది.

బోడితల మీద ఎండ పడింది. హష్మత్ కళ్ళు మూసుకున్నాడు. లోపల ఇద్దరున్నారు, ఒకే చొక్కాలో. తండ్రి బల్లెక్కి గంతులేస్తున్నాడు. అభిమాని మూల కూర్చుని తల పట్టుకున్నాడు, ఎందుకంటే వచ్చే ఆదివారం ఆట ఉంది, ఆ గడ్డి మీద ఆ ఖాళీ చోటు ఖాళీగానే ఉంటుంది, ఎల్మురాద్ పరిగెత్తుకుంటూ అక్కడికి వస్తాడు, ఏమీ ఉండదు. చుక్క మీద ఆధారపడ్డామని ఇన్నాళ్ళూ కొట్టుకున్నారు, ఆ చుక్క దేనిమీద ఆధారపడిందో ఎవరూ అడగలేదు. ఏయ్ మూల కూర్చున్నవాడా, లే, నీ జట్టు పోతోందని ఏడుస్తావా, నీ కొడుకు వెళుతున్నాడని నవ్వుతావా? మూల కూర్చున్నవాడు లేచాడు, ఏడుస్తూనే గంతేశాడు. అదీ మర్గిలాన్.

పళ్ళెం తెచ్చుకుని మూత ఎత్తాడు. ఆవిరి మొహాన్ని కొట్టింది, వెల్లుల్లి గడ్డలు మెత్తబడి తెల్లగా మెరిశాయి, బియ్యపు గింజ గింజకి అంటకుండా ఎర్రగా నిలబడింది, అడుగు మాడలేదు. కెలికినా మాడలేదు, ఈ రోజు ఏదీ మాడదు. గరిటెతో కిందనుంచి పైకి తిరగేస్తుంటే మంచె మీద ఇనోయత్ ఫోన్ కూసింది.

"వచ్చింది" అన్నాడు ఇనోయత్. "బదిలీ ఖరారైంది, ఇపక్ నుంచి తాష్కెంట్‌కి..." ఆగిపోయాడు.

"చెప్పి చావరా. ఎల్మురాద్ పోయాడా?"

"ఎల్మురాద్ పోలేదు." మిగతా ఏడుగురూ ఊపిరి వదిలారు, ఆ గాలికి కాలవ నీళ్ళు కదిలి ఉంటాయి. "నొదిర్."

"ఏ నొదిర్?" అన్నారెవరో. ఇనోయత్ గడ్డంతో పొయ్యివైపు చూపించాడు.

ఒక్కొక్కడి మొహంలోనూ ఒక్కొక్క ఆట వెనక్కి నడుస్తోంది, గోల్ దగ్గర్నుంచి మొదలై, బంతి వచ్చిన దారంట, ఎడమకి. హష్మత్‌కి అది కనబడుతోంది. పొట్టు ఊసిన మనిషి మెడ ఇప్పుడు ఎనిమిదిమందికీ వచ్చింది.

"మరి ఎల్మురాద్‌కి బంతి ఎవడిస్తాడు?" అన్నాడు సాబిత్. అది అస్కియా కాదు. తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చాడు. "నీకు తెలుసు."

"పొద్దున్నే తెలుసు."

"అందుకా?"

"అందుకే."

"ముందే తెలిసుంటే" అన్నాడు సాబిత్, "గేటుకి అడ్డంగా పడుకునేవాణ్ణి. నా మీదనుంచి కారు పోయినా లేచేవాణ్ణి కాదు."

ఆ మాటకి హష్మత్ గరిటె పక్కన పెట్టవలసి వచ్చింది. పెళ్ళిళ్ళలో విన్న పొగడ్తలు, పదవులకీ పట్టాలకీ తను ఊదిన రాగాలు, అన్నీ ఒక వైపు, ఆరు పదులకి దగ్గరపడ్డ ఒక టోపీలవాడు క్లబ్ గేటు ముందు మట్టిలో వెల్లకిలా పడుకోవడం ఒక వైపు. సాబిత్ పై టోపీ తీసి ఇవ్వబోయాడు. "ఉంచుకో" అన్నాడు హష్మత్. "ఓడిన మాట నిజమేగా."

సాబిత్ టోపీ మళ్ళీ పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత మంచె మీద అందరికీ వినబడేలా అన్నాడు, "ఎల్మురాద్‌ని చూడ్డానికొచ్చి నొదిర్‌ని పట్టుకుపోయారు. ఈ తాష్కెంట్ వాళ్ళని ఏమనాలిరా, హష్మత్?"

ముప్ఫై ఏళ్ళలో సాబిత్ అతనికి ఇంత తేలిక మాట ఎప్పుడూ వేయలేదు. గోల్‌కీపర్ లేడు, గోల్ ఖాళీగా ఉంది, కాలు ఆనిస్తే చాలు. జవాబు నాలుక మీద వచ్చి నిలబడింది, పూర్తిగా, తడితో సహా. మంచె మీద అందరూ ముందుకి వంగారు. చివర ఇనోయత్ పెదవులు కూడా కదులుతున్నాయి, ఎప్పటిలాగే, ఎవరూ చూడకుండా.

"ఇనోయత్‌ని అడుగు" అన్నాడు హష్మత్. "పుచ్చకాయల బజారుకి రోజూ పోయేది వాడి బస్సేగా."

ఎనిమిదిలో ఏడు మొహాలు ఇనోయత్ వైపు తిరిగాయి. ఇనోయత్ తన వెనక ఎవరైనా ఉన్నారేమో అని చూసుకున్నాడు. ఎవరూ లేరు. "ఏముంది" అన్నాడు మెల్లిగా, "కాయ బేరానికొచ్చి, పాదు పీక్కుపోయారు."

ఒక్క క్షణం. తర్వాత మంచె విరిగిపోతుందనుకున్నారు. ఎవరో ఇనోయత్ వీపు మీద బాదారు, ఎవరో ఆ మాట మళ్ళీ అనమన్నారు, ఇనోయత్ మళ్ళీ అన్నాడు, మళ్ళీ నవ్వారు, టీ గిన్నెలు దొర్లాయి. సాబిత్ నవ్వుతూనే పళ్ళెం ఒక చివర పట్టుకోవడానికి కిందికి వంగాడు, తల మీద రెండు టోపీలు కదిలాయి.

"ఆ మాట నీ నాలుక మీదికి వచ్చిందిరా" అన్నాడు, వాళ్ళిద్దరికే వినబడేలా. "నేను చూశాను."

"చూశావా?"

"చూశాను."

"చాలు" అన్నాడు హష్మత్, పళ్ళెం అతని చేతికి అందిస్తూ.